టిక్ టిక్ నెమ్మదించాక సెల్ఫ్ కొట్టాలి

తాళం తిప్పగానే ఇంజిన్ పలకదు. ముందు వెనక చక్రం పక్కనెక్కడో టిక్ టిక్ టిక్ అని గబగబా ఒక చప్పుడు మొదలవుతుంది. అది ఎస్‌యూ కంపెనీ పెట్రోలు పంపు. కార్బొరేటర్ల గిన్నెలు నిండుతున్న కొద్దీ చప్పుడు నెమ్మదిస్తుంది, నిండాక ఆగుతుంది. అప్పుడు చోక్ లాగి సెల్ఫ్ కొట్టాలి. మనం కుక్కర్ ఈలలు లెక్కపెట్టినట్టు ఎమ్‌జీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారున్నవాళ్లు ఈ టిక్ టిక్‌ని చెవితో లెక్కపెడతారు. ఆగకుండా కొడుతూనే ఉంటే ట్యాంకు ఖాళీ అయినా అయ్యుండాలి, ఎక్కడో పెట్రోలు కారుతూ అయినా ఉండాలి. అసలు కొట్టకపోతే పంపు లోపలి పాయింట్లు మొరాయించినట్టు. బ్రిటన్‌లో దానికి తరతరాలుగా ఒకటే మందు: కిందికి వంగి పానాతో పంపు మీద ఒక్కటివ్వడం.

ఇలాంటి కారుని ఆదివారం ప్రదర్శనకు తీసుకెళ్లడం ఒక సరదా. సోమవారం పొద్దున్న వానలో ఆఫీసుకు తీసుకెళ్లి, సాయంత్రం కూరగాయలు వేసుకుని ఇంటికి రావడం మాత్రం ఒక విద్య. ఇంటి వెనక షెడ్డులోనో వీధి పక్కనో పని చేసుకుంటూ బ్రిటన్‌లో మామూలు జనం ఆ విద్యను పెంచుకున్నారు. జాన్ హేన్స్ అనే ఆయన రాయల్ ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగిగా ఏడెన్‌లో ఉన్నప్పుడు, ఒక సహోద్యోగికి చెందిన ఆస్టిన్-హీలీ స్ప్రైట్ కారుని విప్పి బిగిస్తూ ప్రతి మెట్టునీ ఫొటో తీశాడు. 1966లో అదే తొలి హేన్స్ మాన్యువల్ అయింది. వంటపుస్తకంలా బానెట్ మీద తెరిచి పెట్టుకుని, నూనె చేతులతోనే పేజీలు తిప్పే పుస్తకం. ఆ జిడ్డు మరకల పుస్తకాల చలవ వల్లే ఇవాళ ఇన్ని పాత స్పోర్ట్స్ కార్లు రోడ్డు మీద ఉన్నాయని నా నమ్మకం.

ఎమ్‌జీబీనే ఎందుకు తీసుకున్నానంటే ఈ విద్యకు అది పెద్ద బాలశిక్ష లాంటిది. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్ ఊళ్లో 1962 నుంచి 1980 దాకా తయారైంది. రెండు తలుపులు, రెండు సీట్లు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు. 1965లో దీనికే గట్టి కప్పు వేసి జీటీ అని ఇంకో రూపం తెచ్చారు. ఆ కప్పు గీతలో ఇటలీకి చెందిన పినిన్‌ఫరీనా చెయ్యి ఉంది. రెండూ కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ఇంజిన్ 1798 సీసీ, బలం సుమారు 95 హార్స్‌పవర్. ఈ రోజుల్లో మామూలు ఫ్యామిలీ కారు కూడా దీన్ని సిగ్నల్ దగ్గర వెనకేసి పోతుంది. పోనివ్వండి.

ఆ ఇంజిన్ మనకు పరాయిది కూడా కాదు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబంలోది. ఆ కుటుంబంలోని 1489 సీసీ ఇంజినే మన అంబాసిడర్ కడుపులో దశాబ్దాల పాటు తిరిగింది. ఎమ్‌జీబీకి అన్నగారైన ఎమ్‌జీఏ 1955లో వచ్చినప్పుడు దానిలో ఉన్నదీ 1489 సీసీయే. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ ట్యాపెట్లు సెట్ చేసి చేసి చేతులు నల్లబడ్డ మేస్త్రీ ఎవరైనా ఎమ్‌జీబీ బానెట్ ఎత్తితే మేనత్త ఇంటికి వచ్చినట్టే ఉంటుంది. పుష్ రాడ్లు, రాకర్లు, పోత ఇనుము హెడ్డు, అన్నీ తెలిసిన మొహాలే. కాకపోతే కార్బొరేటర్లు రెండు.

పాత కారుని చంపేది ప్రయాణం అనుకుంటాం. నిజానికి దాన్ని ఎక్కువగా తినేసేది విశ్రాంతి. నిలబెట్టిన కారులో బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మను పీల్చుకుని చక్రాల దగ్గరి సిలిండర్లను లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. రబ్బరు సీళ్లు ఎండి గట్టిపడతాయి. ట్యాంకులో పెట్రోలు జిగురవుతుంది. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుంటుంది. టైర్లు నేలకు ఆనిన చోట చదునవుతాయి. ఏడాదికి నాలుగుసార్లు మాత్రమే బయటికొచ్చే మెరుపు కారు నాలుగుసార్లూ ఏదో ఒక తంటా పెడుతుంది, దాంతో యజమాని ఇంకా తక్కువ తీస్తాడు. రోజూ తిప్పే పద్ధతి ఈ గొలుసుని రెండో వైపునుంచి తెంపుతుంది. కానీ నిద్ర లేపిన రోజే హైవే ఎక్కించకూడదు. పనికో వరస ఉంది.

వరసలో మొదటిది తుప్పు. ఇంజిన్ చెడితే మార్చుకోవచ్చు, బాడీ పుచ్చిపోతే మిగిలేది నాలుగు చక్రాలూ ఒక రిజిస్ట్రేషన్ కాగితమూ. ఎమ్‌జీబీకి వేరే ఛాసిస్ లేదు. రేకులతో కట్టిన పెట్టెలే దాని ఎముకలు. అన్నిటికన్నా ముఖ్యమైనవి తలుపుల కింద నిలువునా పరుచుకున్న రెండు పెట్టెలు. ఇంగ్లీషు వాళ్లు వాటిని పిలిచే సిల్ అన్న మాటకు అర్థం గడపే. పేరు సరిగ్గా సరిపోయింది. పైన కప్పు లేని కారు కాబట్టి ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ వంగకుండా పట్టి ఉంచే బరువంతా ఈ గడపల మీదే పడుతుంది. బయటి రేకు, లోపలి రేకు, మధ్యలో నిలువుగా ఇంకో రేకు. చలికాలంలో బ్రిటన్ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు, బురద ముందు చక్రం గూటిలోంచి వచ్చి గడప మూలల్లో పేరుకుని లోపలినుంచి తినేస్తాయి. బయటికి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

చూసే పద్ధతి సులువే. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని రేకు మీద నడిపిస్తే లప్పం ఎక్కడ దట్టించారో అక్కడ పట్టు తప్పుతుంది. తలుపుకీ వెనక రేకుకీ మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉందో లేదో చూడాలి. జాకీ ఎత్తినప్పుడు ఆ సందు మూసుకుపోయి తలుపు బిగుసుకుంటే కారు నడుములో బలం లేదని లెక్క. ఇక్కడే మోసమూ ఎక్కువ. పుచ్చిన గడప మీదే కొత్త రేకు అతికించి రంగు కొట్టి అమ్మేవాళ్లు అక్కడా ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు. సరైన పని అంటే కుళ్లిందంతా కోసి, తలుపు సందుకి అడ్డంగా ఇనుప బద్దె వెల్డింగ్ చేసి నడుము వంగకుండా కట్టేశాక లోపలినుంచి బయటికి ఒక్కో పొర వేసుకుంటూ రావడం. బద్దె కట్టకుండా రెండు గడపలూ ఒకేసారి కోస్తే కారు అరటిపండులా వంగుతుంది. ఆ తరవాత ఏ తలుపూ ఎన్నటికీ సరిగా పడదు. పని అయ్యాక లోపలికి మైనం లాంటి ద్రవం పిచికారీ చేసి, అడుగున నీళ్లు పోయే కంతలు తెరిచి ఉంచాలి. చాలామంది ఆ మైనంతోనే కంతలూ మూసేస్తారు. ఏడాదికోసారి సన్నని తీగతో పొడిచి చూడాల్సిందే.

రెండోది ఆగడం. ఎమ్‌జీబీకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. బ్రిటన్‌లో అమ్మిన తొలి కార్లలో బ్రేకులకు ఒకటే సర్క్యూట్, అంటే ఎక్కడ ఒక్క పైపు తెగినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. అందుకే ఇక్కడ పొదుపు చేయకూడదు. రబ్బరు హోసులు పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి ఉంటాయి. తొక్కితే ఆయిల్ వెళ్తుంది, వదిలితే వెనక్కి రాదు, చక్రం పట్టేసి కాలిపోతూ ఉంటుంది. హోసులన్నీ మార్చి, తుప్పు పట్టిన ఇనుప పైపుల చోట రాగి-నికెల్ పైపులు వేసి, బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మారిస్తే బెంగ తీరుతుంది. టైర్ల విషయంలో గాళ్ల లోతు చూసి మోసపోవద్దు. తక్కువ తిరిగిన కారుకి టైరు అరగదు, ముసలిదవుతుంది. పక్కగోడ మీద తయారైన వారం, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. పదేళ్లు దాటినదాన్ని నిండుగా గాళ్లున్నా తీసెయ్యాలి. తీగల చక్రాలైతే మధ్యలోని పళ్లు అరిగాయేమో చూసుకోవాలి. గేరు వేసి వదిలినప్పుడల్లా టక్ మంటే అవి అరిగినట్టే.

కరెంటు దగ్గర కొంచెం కూర్చోవాలి. బ్రిటిష్ కార్ల వైరింగ్ అనగానే లూకస్ కంపెనీ మీద జోకులేస్తారు. చీకటి రాజ్యానికి యువరాజు అని ఆ కంపెనీ స్థాపకుడికి బిరుదు కూడా తగిలించారు. నాకు ఆ జోకుల్లో న్యాయం కనిపించదు. యాభై అరవై ఏళ్ల పాటు చెమ్మలో ఉన్న రాగి తీగ పచ్చగా కిలుం పడితే తప్పు తీగది కాదు. ఎమ్‌జీబీ కరెంటు రోగాల్లో ఎక్కువ భాగం ఎర్త్ రోగాలే. దీపానికి కరెంటు వెళ్తుంది, తిరిగి రావడానికి శుభ్రమైన దారి ఉండదు. కుడి ఇండికేటర్ వేస్తే బ్రేకు దీపం కూడా మినుకుమంటే దొంగ దొరికినట్టే. తీగలను కలిపే ప్రతి బుల్లెట్ కనెక్టర్‌నీ పీకి, గీకి, గ్రీజు రాసి పెట్టడం ఒక పూట పని. విసుగు పని. కానీ కొత్త వైరింగ్ కొనేముందు అది చేసి చూడాలి.

తొలి కార్లలో ఇంకో తిరకాసు ఉంది. 1967 దాకా వచ్చిన వాటికి బ్యాటరీ ప్లస్సు బాడీకి కట్టి ఉంటుంది. ఈ కాలం ఫోన్ ఛార్జరు గానీ రేడియో గానీ అలాగే తగిలిస్తే పొగ వస్తుంది. పైగా 1974 దాకా ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు సీట్ల వెనక నేల కింద దాక్కుని ఉండేవి. కళ్లకు కనపడవు కాబట్టి నీళ్లు పోసే దిక్కుండదు. రోజూ తిప్పేవాళ్లు చాలామంది ఒక 12 వోల్టుల బ్యాటరీకి మారిపోయారు, డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టుకున్నారు. సాయంత్రం వానలో హెడ్‌లైట్లు, వైపర్లు, హీటరు ఒకేసారి నడవాలంటే ట్రాఫిక్‌లో మెల్లగా తిరిగే డైనమోకి ఆ శక్తి లేదు. హెడ్‌లైట్ల కరెంటంతా డాష్‌బోర్డు మీది స్విచ్చి గుండానే పోతుంది, మధ్యలో ఫ్యూజు కూడా లేదు. రెండు రిలేలు, రెండు ఫ్యూజులు పెడితే దీపాలు కాంతిగా వెలుగుతాయి, స్విచ్చి బతుకుతుంది, బయటివాడికి తేడా తెలియదు. నాకు నచ్చిన మార్పులన్నీ ఇలా కంటికి కనపడనివే.

ప్లాటినం పాయింట్ల సంగతికొస్తే వాదన మొదలవుతుంది. డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఆ చిన్న పాయింట్ల మధ్య సందు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. అరిగే కొద్దీ సందు మారుతుంది, టైమింగ్ జారుతుంది. ఆ మూత కిందే ఇమిడిపోయే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేస్తే ఈ పని ఉండదు. అయితే పాయింట్లు చెడేముందు దగ్గుతాయి, మొరాయిస్తాయి, కబురు పెడతాయి. ఎలక్ట్రానిక్ పెట్టె చెప్పాపెట్టకుండా చచ్చిపోతుంది. నా మాట ఏమంటే, ఎలక్ట్రానిక్ పెట్టండి, పాత పాయింట్లూ కండెన్సరూ ఒక డబ్బాలో వేసి డిక్కీలో ఉంచండి.

ఇక ఈ కారులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు, ఎస్‌యూ కార్బొరేటర్. దీన్ని కనిపెట్టిన స్కిన్నర్ల కుటుంబం చెప్పుల వ్యాపారం చేసేది. అందుకేనేమో, తొలి నమూనాలో గాలిని పట్టే భాగం తోలుతిత్తి. మన కమ్మరి కొలిమి తిత్తికి దూరపు చుట్టం. తరవాత తిత్తి పోయి దాని చోట లోహపు గంటలాంటి మూత, లోపల పైకీ కిందికీ జారే పిస్టన్ వచ్చాయి. ఇంజిన్ ఎంత గాలి పీలిస్తే పిస్టన్ అంత లేస్తుంది. దాని అడుగున సన్నగా కోసుగా ఉన్న సూది వేలాడుతూ పెట్రోలు కన్నంలోకి దిగి ఉంటుంది. పిస్టన్ లేచిన కొద్దీ సూది సన్నని భాగం కన్నంలోకి వస్తుంది, చుట్టూ సందు పెరిగి పెట్రోలు ఎక్కువ పోతుంది. గాలికి తగిన పెట్రోలు, కంప్యూటరు లేకుండా, ఒక్క సూది కోసుతో. పిస్టన్ మధ్య గొట్టంలో చెంచాడు ఆయిల్ ఉంటుంది. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే పిస్టన్ ఎగిరిపోకుండా ఆ ఆయిల్ అడ్డుకుంటుంది, ఆ క్షణానికి మిశ్రమం చిక్కబడుతుంది. ఆ చెంచాడు ఆయిల్ ఎండిపోతే తొక్కగానే కారు తడబడుతుంది. కార్బొరేటరే పాడైందని వేలు ఖర్చుపెట్టినవాళ్లు ఉన్నారు.

ట్యూనింగ్‌లో కార్బొరేటర్‌ది ఆఖరి వంతు. ముందు ట్యాపెట్లు, తరవాత పాయింట్లు, తరవాత టైమింగ్, ఆ పైన కార్బొరేటర్లు. ఈ వరస తప్పితే చిక్కు ఇంకా ముడిపడుతుంది. రెండు కార్బొరేటర్లూ సమంగా గాలి పీలుస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి పరికరాలు ఉన్నాయి గానీ, పాతవాళ్లు ఒక రబ్బరు గొట్టం ముక్క తీసుకుని ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస కార్బొరేటర్ నోటి దగ్గర పెట్టి బుస వింటారు. రెండు బుసలూ ఒక్క శ్రుతిలో ఉండాలి. తరవాత కిందనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ని ఒక్క వెంట్రుక ఎత్తు లేపాలి. ఇంజిన్ జోరు పెరిగి అలాగే ఉండిపోతే మిశ్రమం చిక్కన. పడిపోయి ఆగబోతే పలచన. క్షణం పెరిగి మళ్లీ మామూలుకి వస్తే సరి. కన్నం కింద నట్టుని ఒక్కో పలక చొప్పున తిప్పుతూ అక్కడికి రావాలి. చివరగా నాలుగు మైళ్లు తిప్పి ప్లగ్గులు విప్పితే బిస్కట్ రంగు కనపడాలి. ఇదంతా నేర్చుకోవడానికి ఒక వారాంతం చాలు, చెవి కుదరడానికి ఏడాది పడుతుంది.

పెట్రోలు ఈ కార్లను రెండుసార్లు మోసం చేసింది. పాత పెట్రోల్లోని సీసం ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే గద్దెకు కవచంలా పనిచేసేది. 2000 నాటికి బ్రిటన్‌లో సీసం పోయింది, మన దేశంలోనూ ఆ ఏడాదే. ఆరోగ్యానికి ఎంతో మంచి పని. కానీ మెత్తని పోత ఇనుము గద్దెలు హైవే వేగంలో అరిగి వాల్వులు లోపలికి దిగబడటం మొదలైంది. హెడ్డు విప్పి గట్టి ఉక్కు గద్దెలు కూర్చోబెట్టిస్తే ఆ సమస్య మళ్లీ రాదు. రెండోది ఇథనాల్. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోల్లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. మన బంకుల్లో అది 20 శాతానికి చేరింది. పాత రబ్బరు హోసుని ఇథనాల్ మెత్తబరిచి పగలగొడుతుంది, నీళ్లను పీల్చి ట్యాంకులో తుప్పు పెంచుతుంది. వేడి ఎగ్జాస్ట్‌కి జానెడు దూరంలో కారే పెట్రోలు హోసు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇథనాల్ తట్టుకునే హోసులు వేయడం, ఒక అగ్నిమాపక సిలిండర్ సీటు కింద పెట్టుకోవడం ఖర్చు కాదు. ఇంట్లో నాన్నగారి అంబాసిడరో పద్మినీయో దాచుకున్నవాళ్లకూ ఇదే మాట.

కూలింగ్ గురించి క్లుప్తంగా: రేడియేటర్ శుభ్రంగా ఉంటే ఎమ్‌జీబీ వేడెక్కే కారు కాదు. ఆయిల్ 20డబ్ల్యూ-50, జింకు ఎక్కువున్నది. ఈనాటి పలచని ఆయిల్ పోస్తే క్యామ్‌షాఫ్ట్ అరుగుతుంది. గేర్‌బాక్సుకి ఓవర్‌డ్రైవ్ ఉన్న కారుని వెతికి మరీ కొనుక్కోవాలి. గంటకు 70 మైళ్ల దగ్గర నాలుగో గేరులో ఇంజిన్ నిమిషానికి సుమారు 3,900 చుట్లు తిరుగుతుంటే, ఓవర్‌డ్రైవ్ స్విచ్చి నొక్కగానే 3,200 దగ్గరికి దిగుతుంది. చెవులకు ఎంత హాయో. అది లేనివాళ్లు ఫోర్డ్ సియెర్రా ఐదు గేర్ల బాక్సు బిగించుకుంటారు. దాన్నీ నేను తప్పనను. కానీ ఇంజినూ బ్రేకులూ సస్పెన్షనూ డాష్‌బోర్డూ అన్నీ మార్చేసి ఇంకా ఎమ్‌జీబీ అని పిలుచుకునేవాళ్లను చూస్తే, ఇంత కష్టం ఎందుకు, కొత్త కారు కొనుక్కుంటే పోయేదిగా అనిపిస్తుంది.

గ్రీజు పెట్టడం అన్నది ఇప్పటి కార్ల వాళ్లకు తెలియని పని. ఎమ్‌జీబీ ముందు చక్రం కింగ్‌పిన్ను మీద తిరుగుతుంది, ఒక్కో వైపు మూడేసి గ్రీజు నిపుల్స్ ఉంటాయి. ప్రతి 3,000 మైళ్లకూ చక్రం మీద బరువు లేకుండా ఎత్తి గ్రీజు గన్ కొట్టాలి. పాత గ్రీజు నల్లగా బయటికొచ్చి వెనకాల కొత్తది కనపడేదాకా. మరిచిపోతే స్టీరింగ్ బిగుసుకుని, తిప్పిన చక్రం తనంతట తాను నిటారుగా రాదు. పావుగంట పని ఎగ్గొట్టినందుకు రెండు రోజుల రిపేరు. ఇలాంటి పావుగంటలు కలిపితే నెలకు ఒక ఆదివారం పూట. ఆయిల్, నీళ్లు, బ్రేక్ ఆయిల్, టైర్ల గాలి, కార్బొరేటర్ల చెంచాడు ఆయిల్. ఆ పూట ఇవ్వలేనివాళ్లు ఈ కారు జోలికి రాకపోవడమే కారుకి మంచిది.

ఇస్తే దక్కేదేమిటంటే, ముందుగా లెక్కల్లో కనపడేది ఒకటుంది. బ్రిటన్‌లో 40 ఏళ్లు నిండిన, పెద్ద మార్పులు చేయని కారుకి రోడ్డు పన్ను లేదు, ఏటేటా తనిఖీ తప్పనిసరి కాదు. లండన్ కాలుష్య రుసుమూ లేదు. చివరి ఎమ్‌జీబీ 1980లో వచ్చింది కాబట్టి ఇప్పుడు అన్నీ ఆ గీత దాటేశాయి. అయినా తెలిసినవాళ్లు డబ్బిచ్చి మరీ తనిఖీ చేయించుకుంటారు, కారు కింద ఇంకో మనిషి చూపు పడాలి కదా అని. ఇంకో వింత, ఈ కారుకి దొరకని భాగం దాదాపు లేదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులను వెలికితీసి 1988 నుంచి పూర్తి కొత్త బాడీలే తయారు చేస్తోంది. ఆబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇన్నేళ్లకు, ఫ్యాక్టరీ రేకు వాసనతో.

లెక్కల్లో కనపడనిది నవంబరు సాయంత్రం వానలో తెలుస్తుంది. టాపు మూల నుంచి ఒక చుక్క ఎప్పుడూ మోకాలి మీదే పడుతుంది. హీటరు అద్దాన్ని ఊరికే పలకరించి వదిలేస్తుంది. పక్క లేనులో కొత్త కారు లోపల ఎవరో ఫోన్ చూసుకుంటూ ఉంటారు. ఇక్కడ మాత్రం ఇంజిన్ పలుకులో ఏ చిన్న తేడా వచ్చినా కాళ్లకూ చేతులకూ తెలిసిపోతుంది, ఏ నట్టు ఎప్పుడు బిగించామో గుర్తుకొస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ హఠాత్తుగా ఆగిపోతుంది. తాళం తిప్పితే వెనకనుంచి ఏ చప్పుడూ లేదు. వెనకాల హారన్లు. తలుపు తీసి, వానలో వెనక చక్రం దగ్గర మోకాలేసి, పానాతో ఒక్కటిచ్చి చెవి ఒగ్గి వినాలి. టిక్. టిక్ టిక్ టిక్.